బాపు ఆరు రోజులు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు పైసలు వస్తాయా?

ప్రశ్న: మా బాపు రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయిండు, 74 ఏళ్ళు. అమ్మ పోయినంక కాజీపేటలో ఒక్కడే ఉంటడు, నేను హైదరాబాద్‌లో ఉంట. పోయిన బుధవారం సాయంత్రం పెన్షన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నం, మీరు లైఫ్ సర్టిఫికెట్ ఇయ్యలేదు, నెలాఖరుకు పెన్షన్ ఆగిపోతది అని ఫోన్ వచ్చిందట. పెన్షన్ ఆర్డర్ మీద ఉండే పీపీఓ నంబరు, రిటైరైన తారీఖు వాళ్ళే చదివి వినిపిస్తే నమ్మిండు. వాట్సాప్‌ల పంపిన యాప్ వేసుకున్నడు, అండ్ల అడిగినవన్నీ నింపిండు, ఏటీఎం కార్డు నంబరుతో సహా. ఓటీపీ మాత్రం ఎవ్వరికీ చెప్పలేదంటడు. రెండు గంటల్ల 5 లక్షల ఎఫ్‌డీ క్లోజ్ చేసి 4,12,000 మూడు సార్లుగా తీసుకపోయిన్రు. బాపు మాకు చెప్పలే. ఆరు రోజులైనంక మంగళవారం నేను ఇంటికి పోయి పాస్‌బుక్ చూసి అడిగితే ఏడ్చిండు. ఆ రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేసినం, 61,000 హోల్డ్‌ల పెట్టినమని చెప్పిన్రు. తెల్లారి బ్యాంకుకు పోతే యాప్ మీరే వేసుకున్నరు కదా, మాదేం లేదు, పోలీసుల దగ్గరికి పోండి అన్నరు. తమ్ముడు బాపు మీద కేకలేసి స్మార్ట్‌ఫోన్ గుంజుకుంటా అంటున్నడు. బాపు సరిగ్గా తింటలేడు. ఫేస్‌బుక్‌ల నా గోడు రాసుకుంటే ఒకాయన 8,000 కడితే మొత్తం రికవరీ చేపిస్తా అని మెసేజ్ పెట్టిండు. కట్టాల్నా?

జవాబు: అమ్మా, మీకు ఆ రోజే మెయిల్‌లో రెండు ముక్కలు రాసి పంపాను, ఇలాంటి వాటికి అచ్చయ్యేదాకా ఆగకూడదు. ఇక్కడ వివరంగా రాస్తున్నది మీ కోసమూ, ఇదే ఫోన్ కాల్ రేపు రాబోయే ఇంకో ఇంటి కోసమూ.

ముందు ఆ 8,000 సంగతి. కట్టొద్దు, ఒక్క రూపాయి కూడా. పోయిన డబ్బు తిరిగి తెప్పిస్తానని ఫీజు అడిగేవాడు ఎవడైనా సరే, సైబర్ నిపుణుణ్ణి అన్నా, లాయర్ని అన్నా, ఆర్‌బీఐలో మనిషి ఉన్నాడన్నా, అది రెండో మోసమే. ఒకసారి దెబ్బ తిన్నవాళ్ళు ఎలాగైనా డబ్బు వెనక్కి రావాలనే ఆరాటంలో ఉంటారని వాళ్ళకి తెలుసు, అందుకే ఫేస్‌బుక్‌లో, టెలిగ్రామ్‌లో మీలాంటి వాళ్ళ పోస్టులు వెతుక్కుంటూ తిరుగుతారు, ఒక్కోసారి మొదట దోచినవాడే రెండోసారి కూడా వస్తాడు. 1930కి గానీ పోలీసు కంప్లైంటుకి గానీ, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కి గానీ ఎక్కడా ఫీజు లేదు. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి, మీ ఫేస్‌బుక్ పోస్టు తీసేయండి, అందులో బ్యాంకు పేరు, అమౌంట్, ఊరు అన్నీ ఉంటే ఇంకా పదిమంది వస్తారు.

ఇప్పుడు అసలు ఏం జరిగిందో కాస్త చెప్తాను, ఎందుకంటే ఓటీపీ చెప్పలేదంటున్నారు బాపు, ఆయన మాట నిజం, మీ తమ్ముడు నమ్మట్లేదేమో గానీ నేను నమ్ముతా. ఆ వాట్సాప్‌లో వచ్చింది ఏపీకే ఫైలు. ప్లే స్టోర్ నుంచి కాకుండా నేరుగా ఫోన్లో ఎక్కే యాప్ అన్నమాట. ఎక్కేటప్పుడు ఎస్సెమ్మెస్‌లు చదవడానికి, నోటిఫికేషన్లు చూడటానికి అనుమతి అడుగుతుంది, పెద్దవాళ్ళు అలౌ అలౌ అని నొక్కుకుంటూ పోతారు, మనమూ అంతే కదా నిజానికి. ఆ తర్వాత బ్యాంకు పంపే ప్రతి ఓటీపీ వాళ్ళకి అదే వెళ్ళిపోతుంది, ఒక్కోసారి ఆ మెసేజ్ బాపు కంటికి కూడా కనపడకుండా చేసేస్తారు. కార్డు వివరాలు ఫారంలో దొరికాయి, ఓటీపీలు యాప్ ఇచ్చింది, ఇక ఇంకో ఫోన్లో ఆయన పేరు మీద మొబైల్ బ్యాంకింగ్ మొదలుపెట్టి ఎఫ్‌డీని ఆన్‌లైన్లోనే క్లోజ్ చేసి, సేవింగ్స్‌లోకి తెచ్చుకుని, అక్కడి నుంచి పంపించేశారు. మన పల్లెల్లో ఇదే ఫైలు పీఎం కిసాన్ పేరుతో వస్తుంది, టౌన్లలో ట్రాఫిక్ చలాన్ అని వస్తుంది, పెళ్ళి పత్రిక అని వస్తుంది, తెలిసినవాళ్ళ నంబర్ నుంచే వస్తుంది ఎందుకంటే వాళ్ళ వాట్సాప్ అప్పటికే వీళ్ళ చేతిలో ఉంటుంది.

అందుకని ఇంకా చేయకపోతే ఈ పని ఇవాళే చేయండి. బాపు ఫోన్ డేటా, వైఫై రెండూ ఆపేయండి. ఆ వాట్సాప్ చాట్, వాళ్ళ నంబర్లు, యాప్ పేరు కనపడేలా ఇంకో ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. కంగారులో డిలీట్ చేస్తే సాక్ష్యం పోతుంది, పోలీసులు అడుగుతారు. అవన్నీ అయ్యాక ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి, ఉత్తినే యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదు. కాల్ ఫార్వార్డింగ్ పెట్టి ఉన్నారేమో సెట్టింగ్స్‌లో చూడండి, వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి తెలియనివి ఏమైనా ఉంటే తీసేయండి, బాపు కాంటాక్టుల్లో ఉన్న పాత రైల్వే దోస్తులందరికీ మీ ఫోన్ నుంచి ఒక మాట చెప్పండి, ఆయన పేరుతో వాళ్ళకీ అదే ఫైలు వెళ్ళి ఉండొచ్చు. కార్డు బ్లాక్ చేసి కొత్తది తీసుకోండి, నెట్ బ్యాంకింగ్, మొబైల్ బ్యాంకింగ్, యూపీఐ మొత్తం డీరిజిస్టర్ చేయించండి. బ్యాంకు నంబర్ కోసం గూగుల్‌లో వెతకొద్దు, అక్కడ దొంగ కస్టమర్ కేర్ నంబర్లు బోలెడు, కార్డు వెనకాల గానీ పాస్‌బుక్ మీద గానీ ఉన్న నంబరే వాడండి.

ఇక డబ్బు. 1930కి చేశారు, మంచి పని చేశారు. అది ఎలా పనిచేస్తుందంటే, మీరు చెప్పిన లావాదేవీ నంబర్ పట్టుకుని డబ్బు ఏ బ్యాంకుకి వెళ్ళిందో ఆ బ్యాంకుకి వెంటనే సమాచారం పోతుంది, అక్కడ మిగిలింది ఉంటే పట్టి ఉంచుతారు, అక్కడి నుంచి ఇంకో ఖాతాకి పోయి ఉంటే ఆ బ్యాంకుకి పోతుంది, అలా వెనకాల పరిగెత్తడమే. దొంగలు కూడా పరిగెత్తుతారు, మొదటి ఖాతాలో ఉంచరు, నిమిషాల్లో ఐదారు ఖాతాల్లోకి ముక్కలు చేసి ఏటీఎంలో తీసేస్తారు. ఆ ఖాతాలు ఎవరివి అనుకున్నారు, నెలకి కొంత ఇస్తామంటే పాస్‌బుక్కూ సిమ్మూ అప్పజెప్పిన కాలేజీ పిల్లలవి, ఆటో నడిపేవాళ్ళవి. మన ఊళ్ళలో కూడా ఇస్తున్నారు, ఏమీ తెలియదు సార్ అంటే కేసు వదలదు, మీకు తెలిసిన కుర్రాళ్ళుంటే చెప్పండి దయచేసి. అందుకే మొదటి గంటా రెండు గంటలకి అంత విలువ. ఆరు రోజుల తర్వాత కూడా 61,000 దొరికిందంటే ఏదో ఖాతా ముందే ఫ్రీజ్ అయి ఉంటుంది, మీ అదృష్టం.

ఆ 61,000 దానంతట అదే మీ ఖాతాలో పడదు. 1930లో ఇచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ పట్టుకుని సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తిచేసి ఉందో లేదో చూసుకుని, వరంగల్ కమిషనరేట్ సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి వెళ్ళి ఎఫ్‌ఐఆర్ చేయించండి. హోల్డ్‌లో ఉన్న డబ్బు విడుదలకి కోర్టు ఆర్డర్ కావాలి, తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా చాలామందికి తిరిగి ఇప్పించారు, మన కేసు లోక్ అదాలత్‌లో పెట్టండి అని మీరే అడగండి. అడిగితేనే కదిలే పని ఇది, నెలకోసారి అయినా వెళ్ళి కనపడుతూ ఉండాలి.

బ్యాంకు వాళ్ళు అన్న మాట నాకు కోపం తెప్పించింది, ఎందుకంటే నేను 31 ఏళ్ళు బ్యాంకు కౌంటర్ వెనకాలే కూర్చున్నాను, మాదేం లేదు అని నోటితో చెప్పి పంపేయడం ఎంత తేలికో నాకు తెలుసు. నోటితో చెప్పింది లెక్కలోకి రాదమ్మా. రాతపూర్వకంగా ఇవ్వండి, బ్రాంచి మేనేజర్ పేరు మీద, రెండు కాపీలు.

ఆర్‌బీఐ 2017 జూలై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది, అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో కస్టమర్ బాధ్యత ఎంత అని. తప్పు బ్యాంకుదీ కాకుండా కస్టమర్‌దీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో అయితే, బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పనిదినాల్లో చెప్తే కస్టమర్ మీద భారం సున్నా, 4 నుంచి 7 పనిదినాల్లో చెప్తే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా 10,000 మాత్రమే, అది దాటితే ఆ బ్యాంకు బోర్డు పాలసీ ప్రకారం. ఇక్కడ పనిదినాలు అన్న మాట గట్టిగా పట్టుకోండి. మీరు ఆరు రోజులు ఆరు రోజులు అని బాధపడుతున్నారు గానీ, బుధవారం సమాచారం అందిన రోజు లెక్కలో లేదు, గురువారం ఒకటి, శుక్రవారం రెండు, ఆ శనివారం రెండో శనివారం బ్యాంకు సెలవు, ఆదివారం సరేసరి, సోమవారం మూడు, మంగళవారం నాలుగు. అంటే మీరు 1930కి చెప్పింది నాలుగో పనిదినాన, బ్యాంకుకి వెళ్ళింది ఐదో పనిదినాన. ఆలస్యమైందని వాళ్ళు అంటే ఈ లెక్క చూపించండి. పైగా యాప్ మెసేజ్‌లు దాచేసింది కాబట్టి బాపుకి అలర్ట్ నిజంగా ఎప్పుడు అందిందో కూడా అడగాల్సిన విషయమే.

కానీ మీకు లేనిపోని ఆశ పెట్టను. బ్యాంకు ఇదే సర్క్యులర్లో ఇంకో లైను చూపిస్తుంది, కస్టమర్ నిర్లక్ష్యం వల్ల వివరాలు బయటికి పోతే, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం కస్టమర్‌దే అని. బాపు కార్డు వివరాలు నింపారు కదా, అది అంటారు. అయితే ఆ నిర్లక్ష్యాన్ని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకు మీదే ఉందని కూడా అందులోనే రాసుంది, అది మాత్రం కౌంటర్లో ఎవరూ చెప్పరు. అందుకని మీ ఉత్తరంలో ఏడుపు రాయొద్దు, ప్రశ్నలు రాయండి. 74 ఏళ్ళ మనిషి ఎన్నడూ వాడని మొబైల్ బ్యాంకింగ్ ఆ సాయంత్రం ఏ ఫోన్ నుంచి మొదలైంది? ఎఫ్‌డీ గడువుకి ముందే మూసేటప్పుడు బ్యాంకు నుంచి కనీసం ఒక ఫోనైనా చేశారా? కొత్తగా చేర్చిన ఖాతాకి మొదటిరోజు ఇంత మొత్తమే పంపాలి అని చాలా బ్యాంకుల్లో పరిమితి ఉంటుంది, మీ బ్యాంకులో ఉందా, ఉంటే 1,99,000, 1,98,000, 15,000 అరగంటలో ఎలా వెళ్ళాయి? ఏ అలర్ట్ ఏ టైముకి పంపారు? వీటికి రాతలో జవాబు ఇవ్వమనండి. బ్యాంకు 90 రోజుల్లో తేల్చాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, ఆన్‌లైన్లోనే, లాయర్ అక్కర్లేదు, సందేహాలుంటే 14448కి ఫోన్ చేయొచ్చు. మొత్తం వస్తుందని నేను చెప్పలేను, కానీ ఇలాంటి ప్రశ్నలున్న ఉత్తరం లేకుండా అయితే ఏదీ రాదు.

ఇప్పుడు మీ తమ్ముడికి చెప్పాల్సింది. ఆయన పేరు రాయలేదు గానీ ఈ భాగం చదివించండి.

బాబూ, మీ బాపు ఆరు రోజులు ఎందుకు దాచారో ఆలోచించావా? డబ్బు పోయినందుకు కాదు, నువ్వు ఇప్పుడు వేస్తున్న కేకలకి భయపడి. నేను రిటైరయ్యే ముందు సంవత్సరాల్లో ఒక పెద్దావిడ మా బ్రాంచికి వచ్చారు, 9 లక్షలు ఆర్‌టీజీఎస్ చేయాలని. రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్. ఫారం నింపుతుంటే చెయ్యి వణుకుతోంది, ఎవరికమ్మా అంటే బంధువులకి అన్నారు, పేరు చూస్తే ఏదో ట్రేడర్స్ అని ఉంది. ఒడిలో పెట్టుకున్న సంచిలో ఫోన్ వెలుగుతోంది, కాల్ ఆన్‌లో ఉంది. నేను ఏమీ మాట్లాడకుండా ఒక చీటీ మీద ఫోన్లో ఉన్నది పోలీసులా అని రాసి ముందుకు జరిపాను. ఆవిడ తల ఊపారు. ఆ ఫోన్ సంచిలోంచి తీసి నేనే కట్ చేశాను, అప్పుడు ఆవిడ కుర్చీలో కూలబడి, రెండు రోజులుగా నన్ను ఇంట్లోనే అరెస్టు చేశారండీ, మా అబ్బాయికి చెప్తే వాడినీ పట్టుకుంటామన్నారు అని చెప్పారు. డిజిటల్ అరెస్టు అంటున్నారు చూడండి, అదే. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు, 2024 అక్టోబర్ 27 మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఇదే చెప్పారు, ఏ పోలీసూ ఏ సీబీఐ వాళ్ళూ వీడియో కాల్‌లో అరెస్టు చేయరు, డబ్బు అడగరు. కానీ నాకు గుర్తుండిపోయింది ఆవిడ తర్వాత అన్న మాట, మా అబ్బాయికి మాత్రం ఫోన్ చేయకండి, చదువుకున్నదానివి ఇంత తెలివితక్కువగా ఎలా ఉన్నావంటాడు అని. దొంగని చూసి కన్నా సొంత కొడుకుని చూసి ఎక్కువ భయపడ్డారు ఆవిడ.

ఇంకొకాయన విషయంలో నేను అడగలేదు. రద్దీగా ఉంది, నెలాఖరు, ఫారం సరిగ్గా ఉంది, పంపేశాను. రెండో రోజు ఆయన వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డారు. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు, ఇలా ఉత్తరాలకి జవాబులు రాస్తూ ఉండటానికి అదీ ఒక కారణమే.

కాబట్టి ఫోన్ గుంజుకోవద్దు. పీపీఓ నంబరు, రిటైర్మెంట్ తారీఖు చదివి వినిపిస్తే ఎవరైనా నమ్ముతారు, ఆ వివరాలు బయటికి పోయింది ఆయన తప్పు వల్ల కాదు. ఫోన్ తీసేసుకుంటే ఆయనకి మనవలతో వీడియో కాల్ పోతుంది, రేపు ఇంకేదైనా జరిగినా మీకు అస్సలు చెప్పరు. చేయాల్సింది వేరే ఉంది, డబ్బుని ఫోన్‌కి అందకుండా పెట్టడం. పెన్షన్ పడే ఖాతాకి యూపీఐ వద్దు, మొబైల్ బ్యాంకింగ్ వద్దు. ఇంకో చిన్న ఖాతా తెరిచి నెలకి పది పదిహేను వేలు అందులో వేసి యూపీఐ దానికే పెట్టండి, పోతే అంతే పోతుంది. ఎఫ్‌డీలు ఆన్‌లైన్లో మూసే వీలు తీసేయమని బ్రాంచిలో రాసివ్వండి, ఆ సౌకర్యం లేదంటే నెట్ బ్యాంకింగే తీసేయించండి. ఖాతా ఈమెయిల్ అలర్టులు అక్క మెయిల్‌కి వచ్చేలా పెట్టుకోండి. ఫోన్ సెట్టింగ్స్‌లో వాట్సాప్ నుంచి, బ్రౌజర్ నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఆపేయండి, ప్లే స్టోర్‌లో దొంగ యాప్‌లని పట్టే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉంచండి. ఇక బాపుకి గుర్తుండాల్సింది ఒక్కటే మాట, ఎవరు ఫోన్ చేసి తొందర పెట్టినా, మా బిడ్డని అడిగి చెప్తా అని కట్ చేయడం. నిజమైన ఆఫీసు వాళ్ళు రేపు మళ్ళీ చేస్తారు. బాపు మధ్యాహ్నం రెండింటికి మీటింగ్ మధ్యలో ఫోన్ చేసినా విసుక్కోకుండా ఎత్తడం మీ ఇద్దరి వంతు.

ఈ గొడవలో ఒకటి మర్చిపోయి ఉంటారు, అసలు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారా? నవంబర్ నెలాఖరులోపు ఇవ్వకపోతే పెన్షన్ నిజంగానే ఆగుతుంది, ఇచ్చాక బకాయితో కలిపి వస్తుందనుకోండి, అయినా ఇప్పుడున్న పరిస్థితిలో ఆ టెన్షన్ ఎందుకు. ఎవరూ ఫోన్ చేసి అది తీసుకోరు, ఫోన్ కాల్‌లో ఇచ్చే పద్ధతే లేదు. బ్యాంకుకి వెళ్ళి ఇవ్వొచ్చు, పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి కొద్దిపాటి ఛార్జీతో వేలిముద్ర తీసుకుని చేస్తారు, లేదంటే మీ ఫోన్లో ప్లే స్టోర్ నుంచి జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ రెండూ వేసుకుని బాపు ముఖం చూపిస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఉత్తరం ఇవ్వడానికి బ్రాంచికి ఎలాగూ వెళ్తున్నారు కదా, అదే రోజు అక్కడే ఇచ్చేయండి.

ఆ ఉత్తరం కూడా మీరు రాయకండి, బాపుతో రాయించండి. గార్డుగా చేసిన మనిషి, ఏ స్టేషన్లో బండి ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి కదిలింది, ఎందుకు లేటయింది అని సర్వీసంతా నిమిషాలతో సహా రాసుకున్న చెయ్యి అది. ఫోన్ ఎన్నింటికి వచ్చింది, ఏం అడిగారు, యాప్ ఎన్నింటికి వేసుకున్నారు, స్క్రీన్ మీద ఏం కనపడింది, ఆయన అంత వరసగా మీరూ నేనూ రాయలేం, పోలీసులకీ ఓంబుడ్స్‌మన్‌కీ కావాల్సింది సరిగ్గా అదే. పక్కన కూర్చుని టీ పెట్టివ్వండి, మధ్యలో ఎందుకలా చేశావు అని మాత్రం అడగొద్దు. సంతకం ఆయనే పెట్టాక ఇద్దరూ కలిసి బ్రాంచికి వెళ్ళి, రెండో కాపీ మీద తేదీతో రౌండ్ సీల్ వేయించుకుని రండి, ఆ 30 రోజులు లెక్కపెట్టేది ఆ సీలు మీది తేదీ నుంచే.